పాత సిస్టమ్ పెద్ద హార్డ్ డిస్క్‌ను పట్టుకోవాలంటే: అంకె చూసి లోపం కనుక్కునే పద్ధతి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఫోటో స్టూడియోల వాళ్ల నుంచి, ఫ్లెక్సీ షాపుల వాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. పెళ్లిళ్ల సీజన్‌కు 4 టీబీ డిస్క్ కొని తెచ్చారు. పాత సిస్టమ్‌లో బిగిస్తే అసలు కనపడదు, లేదా సగమే కనపడుతుంది. వెంటనే డిస్క్ పోయిందనుకుని షాపుకు తిరిగిచ్చేస్తారు, లేకపోతే సిస్టమే మార్చాలనుకుంటారు. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు.

డిస్క్‌కూ విండోస్‌కూ మధ్య కరెంటు, కేబుల్, బయోస్ (ఆన్ చేయగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాం), డ్రైవర్ (విండోస్ డిస్క్‌తో మాట్లాడే ప్రోగ్రాం), పార్టిషన్ పట్టిక (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసే పట్టిక) ఉంటాయి. వీటిలో ఏదో ఒక చోట లెక్క ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి సిస్టమ్ చూపించే అంకే ఆధారం. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఆ అంకె కాగితం మీద రాసుకోండి.

ఒక హెచ్చరిక. ఆ డిస్క్‌లో ఇప్పటికే ఫోటోలో లెక్కలో ఉంటే, సైజు సరిగా కనపడేదాకా అందులో ఒక్క ఫైలు కూడా రాయకండి. "ఫార్మాట్ చేయమంటారా", "ఇనిషియలైజ్ చేయమంటారా" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. సైజు తప్పుగా అర్థం చేసుకున్న సిస్టమ్, హద్దు దాటిన చోట రాయాల్సింది తిరిగి డిస్క్ మొదట్లో రాసేయగలదు. అప్పుడు పాత ఫైళ్ల పట్టికే చెరిగిపోతుంది.

1. ఏ అంకె కనపడుతోంది?

కంప్యూటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి మేనేజ్, అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. మై కంప్యూటర్‌లో కనపడకపోయినా ఇక్కడ కనపడొచ్చు. ఎక్స్‌పీ, విండోస్ 7, విండోస్ 10 అన్నిటిలోనూ దారి ఇదే.

• 1 టీబీ డిస్క్ 931 జీబీ, 2 టీబీ 1863 జీబీ, 3 టీబీ 2794 జీబీ, 4 టీబీ 3726 జీబీ అని చూపిస్తే లోపమేమీ లేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే.
• 2048 జీబీ ఒక ముక్క, మిగిలింది అన్‌అలొకేటెడ్ (కేటాయించని ఖాళీ) అని ఇంకో ముక్క: పార్టిషన్ పట్టిక ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంది. 6వ భాగానికి వెళ్లండి.
• 3 టీబీ డిస్క్ 746 జీబీగా, 4 టీబీ డిస్క్ 1678 జీబీగా: డ్రైవర్ గానీ పాత యూఎస్‌బీ డాక్ (డిస్క్‌ను బయట నిలబెట్టి యూఎస్‌బీతో కలిపే స్టాండు) గానీ మొదటి 2048 జీబీని మింగేసి మిగిలింది మాత్రమే చూపిస్తోంది. 5వ భాగం.
• 128 జీబీ (బయోస్‌లో 137 జీబీ): సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న చిన్న గళ్ల) లెక్కకు 28 బిట్లే వాడే పాత పద్ధతి. 8వ భాగం.
• 32 జీబీ దగ్గర: బాగా పాత బయోస్, లేదా డిస్క్ మీద సైజు తగ్గించే జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న మూత) పెట్టి ఉంది. ముందు జంపర్ చూడండి.
• 1 టీబీ డిస్క్ 32 ఎంబీగా: కొన్ని పాత మదర్‌బోర్డులు బయోస్ కాపీని డిస్క్ చివర దాచుకుంటాయి. ఆ దాచిన భాగాన్ని హెచ్‌పీఏ అంటారు. దాని లెక్క తప్పితే డిస్క్ మొత్తం దాక్కుంటుంది. హెచ్‌డాట్2 అనే ఉచిత ప్రోగ్రాంతో బూట్ చేసి హెచ్‌పీఏ తీసేస్తే అసలు సైజు తిరిగి వస్తుంది.
• ఎక్కడా ఏమీ లేదు: కరెంటు లేదా కేబుల్. 3వ భాగం.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

• ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, మెత్తటి బ్రష్, పెన్సిల్ రబ్బరు
• క్లిప్ ఉన్న కొత్త సాటా కేబుల్ (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపేది) ఒకటి, పాతది బాగుందనిపించినా సరే
• సీఆర్2032 బటన్ బ్యాటరీ
• 120 లేదా 240 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ (ఎందుకో 7వ భాగంలో)
• పనిచేసే యూపీఎస్

స్క్రూల విషయంలో తొందరపడొద్దు. 3.5 అంగుళాల హార్డ్ డిస్క్‌కు లావు మరల స్క్రూలు, 2.5 అంగుళాల డిస్క్‌కూ ఎస్ఎస్‌డీకీ సన్న మరల స్క్రూలు పడతాయి. ఒకదానిది ఇంకోదానికి బిగిస్తే మర చెడుతుంది. పెద్ద సైజు డిస్కులు చాలావాటికి పక్కన మధ్య రంధ్రం ఉండదు. పాత క్యాబినెట్‌లో రెండు వైపులా కనీసం రెండేసి స్క్రూలు పడేలా చూసుకోండి. ఒక్క స్క్రూతో వేలాడే డిస్క్ వణికి, వేగం తగ్గుతుంది.

3. కరెంటు, కేబుల్, జంపర్

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

సిస్టమ్ ఆపి, ప్లగ్ తీసి, డిస్క్ బిగించండి. మళ్లీ ఆన్ చేసి డిస్క్ పక్కన వేలు ఆనించండి. సన్నగా తిరుగుతున్న వణుకు తెలియాలి. మూడు రకాలుగా జరగొచ్చు.

తిరిగి, ఆగి, టక్ టక్ మంటోంది: కొత్త డిస్క్ అయితే ముందు ఎస్ఎంపీఎస్‌ను (క్యాబినెట్ లోపల కరెంటు అందించే పెట్టెను) అనుమానించండి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద దాదాపు 2 యాంపియర్లు లాగుతుంది. పదేళ్ల పాత ఎస్ఎంపీఎస్ ఆ క్షణంలో చతికిలబడుతుంది. డీవీడీ డ్రైవ్, రెండో డిస్క్ కనెక్షన్లు పీకేసి చూడండి. అప్పుడు పనిచేస్తే ఎస్ఎంపీఎస్ మార్చాల్సిందే. అదే శబ్దం ఇంకో సిస్టమ్‌లో కూడా వస్తే డిస్క్‌దే లోపం, షాపుకు తీసుకెళ్లండి.

అసలు తిరగడం లేదు: సర్వర్ల కోసం చేసిన డిస్కుల్లోనూ, ఎక్స్‌టర్నల్ డబ్బా విప్పి తీసిన పెద్ద డిస్కుల్లోనూ ఇది మామూలే. సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులుంటాయి. కొత్త రకం డిస్కుల్లో మూడో పిన్‌కు కరెంటు వస్తే "ఆగిపో" అని అర్థం. పాత ఎస్ఎంపీఎస్‌లు అదే పిన్ మీద 3.3 వోల్టులు నిరంతరం పంపిస్తాయి. దాంతో డిస్క్ లేవనే లేవదు. విరుగుడు రెండు రకాలు: డిస్క్ మీద ఆ పిన్ వరకు సన్నటి క్యాప్టాన్ టేప్ అతికించడం, లేదా మోలెక్స్ (పాత రకం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే వైరు వాడటం. మోలెక్స్‌లో 3.3 వోల్టుల తీగే ఉండదు. ఆ వైరు కొనేటప్పుడు కనెక్టర్ వెనక చూడండి. తీగలను ప్లాస్టిక్‌లో పోత పోసి మూసేసిన రకం కాలిపోయే ప్రమాదం ఉంది. తీగలు విడివిడిగా నొక్కి బిగించిన రకం తీసుకోండి.

తిరుగుతోంది, కానీ బయోస్‌లో కూడా లేదు: కేబుల్ మార్చండి, పోర్టు మార్చండి. ముత్తుకూరు, ఇందుకూరుపేట లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మదర్‌బోర్డు కనెక్టర్ల రేకులు నల్లబడతాయి. నాలుగైదుసార్లు పెట్టి తీస్తేనే ఆ పొర కాస్త రాలుతుంది. ర్యామ్, కార్డుల అంచులను రబ్బరుతో రుద్దవచ్చు. సాటా పిన్నులను మాత్రం రుద్దకండి, వంగుతాయి. చీమకుర్తి వైపు ఆఫీసుల్లో గ్రానైట్ పొడి కనెక్టర్ల లోపల పేరుకుంటుంది. బ్రష్‌తో దులిపాకే కొత్త కేబుల్ పెట్టండి, లేకపోతే పొడిని లోపలికి నెట్టినట్టవుతుంది.

వీఐఏ వీటీ8237 చిప్ ఉన్న బోర్డులకు ఇంకో చిక్కు ఉంది. సాటా మొదటి తరం వేగమైన 1.5 గిగాబిట్లు తప్ప వీటికి తెలియదు, 3 లేదా 6 గిగాబిట్ల డిస్క్‌తో మాట కలవదు. డిస్క్ ఎంత మంచిదైనా కనపడదు. వెస్టర్న్ డిజిటల్ పాత సాటా డిస్కుల్లో 5, 6 పిన్నుల మీద జంపర్ పెడితే డిస్క్ 1.5కు దిగుతుంది. జంపర్ పిన్నులు లేని కొత్త డిస్క్ అయితే ఆ పోర్టుల మీద ఆశ వదిలేసి 8వ భాగంలో చెప్పిన కార్డు వేసుకోండి.

చెక్‌లిస్ట్:
☐ డిస్క్ తిరుగుతున్న వణుకు తెలిసింది
☐ కేబుల్ మార్చి చూశాను
☐ కనీసం రెండు పోర్టుల్లో చూశాను
☐ ఇంకో సిస్టమ్‌లో ఈ డిస్క్ కనపడుతోంది

4. బయోస్

ఆన్ చేసిన వెంటనే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి లోపలికి వెళ్లండి. మూడు విషయాలు చూస్తే చాలు.

మొదటిది, డిస్క్ పెట్టిన పోర్టు ఎనేబుల్ అయి ఉందా. రెండు డిస్కులే వాడిన సిస్టముల్లో మిగతా పోర్టులు డిసేబుల్ చేసి ఉంటాయి.

రెండోది, డిస్క్ మోడల్ పేరు కనపడుతోందా. పేరు సరిగ్గా ఉండి సైజు మాత్రం తప్పుగా ఉంటే కంగారుపడకండి. విండోస్ పైకి లేచాక తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ను అడుగుతుంది, బయోస్ లెక్కను పట్టించుకోదు. బయోస్ చెప్పే సైజుతో పని ఆ డిస్క్ నుంచే బూట్ అవ్వాలన్నప్పుడే.

మూడోది, సాటా మోడ్. బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఇది. ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని ఉంటాయి. ఇప్పుడున్నదాన్ని మార్చకండి. విండోస్ ఎక్కించాక దీన్ని మారిస్తే నీలి తెర వస్తుంది. పొరపాటున మార్చి నీలి తెర తెచ్చుకుంటే, పాతదానికి తిప్పితే సరిపోతుంది. జీ31, జీ41 బోర్డుల్లో ఉండే మామూలు ఐసీహెచ్7 చిప్‌కు ఏహెచ్‌సీఐ లేనే లేదు. ఐడీఈ మోడ్‌లోనే విండోస్ 7 మీద 4 టీబీ డిస్క్‌ను డేటాకు వాడుకోవచ్చు.

డిస్క్ పెట్టాక విండోస్ లేవకుండా "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" అని వస్తే, బయోస్ కొత్త డిస్క్‌ను బూట్ వరసలో ముందు పెట్టిందని అర్థం. హార్డ్ డిస్క్ బూట్ ప్రయారిటీలో పాతదాన్ని పైకి జరపండి.

ఉదయం ఆన్ చేసేసరికి తేదీ పాతదై, సెట్టింగులన్నీ మొదటికి వస్తుంటే బటన్ బ్యాటరీ అయిపోయింది. కొత్తది 3 వోల్టులుంటుంది. మీటర్‌లో 2.8 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. ఏహెచ్‌సీఐలో ఎక్కించిన విండోస్ "నిన్న బాగుంది, ఇవాళ నీలి తెర" అంటోందంటే చాలాసార్లు కారణం ఈ చిన్న బ్యాటరీయే.

బయోస్ అప్‌డేట్ చివరి మార్గం. మీ బోర్డు అప్‌డేట్ వివరాల్లో పెద్ద డిస్కుల గురించి స్పష్టంగా రాసి ఉంటేనే చేయండి. యూపీఎస్ లేకుండా అసలు చేయకండి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోతుంది.

5. విండోస్, డ్రైవర్

32 బిట్ల ఎక్స్‌పీ 2 టీబీకి మించి చదవలేదు, జీపీటీ అనే కొత్త రకం పార్టిషన్ పట్టికను అర్థం చేసుకోలేదు. దీనికి సెట్టింగుతో మందు లేదు. టాలీ పాత వెర్షనో, పాత ప్రింటర్ డ్రైవరో కారణంగా ఎక్స్‌పీ ఉంచుకోవాల్సి వస్తే 2 టీబీ లోపు డిస్కే కొనండి. విండోస్ 7 మొదలు 32 బిట్లదైనా, 64 బిట్లదైనా జీపీటీ డిస్క్‌ను డేటా కోసం బాగానే వాడుతుంది.

746, 1678 లాంటి అంకెలు కనపడితే డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ డ్రైవర్ చూడండి. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ 10.1 కంటే పాతదైతే 2 టీబీ దాటిన లెక్క దానికి రాదు. కొత్తది ఎక్కించండి. డిస్క్ యూఎస్‌బీ డాక్‌లో ఉంటే ముందు డాక్ నుంచి తీసి నేరుగా సాటా పోర్టుకు పెట్టి చూడండి. పాత డాక్‌లోని చిప్ కూడా ఇదే తప్పు చేస్తుంది.

తప్పు విండోస్‌దా, బోర్డుదా అని తేలకపోతే లినక్స్ మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. 64 బిట్ల ప్రాసెసర్, కనీసం 2 జీబీ ర్యామ్ ఉంటే చాలు. అందులోని డిస్క్స్ ప్రోగ్రాంలో 4.0 టీబీ అని కనపడితే బోర్డు, కేబుల్, కరెంటు అన్నీ బాగున్నట్టే, లోపం విండోస్‌లో ఉంది. అక్కడ కూడా తక్కువ కనపడితే విండోస్ మళ్లీ ఎక్కించినా లాభం లేదు. అరగంట పనితో ఒక రోజు వృథా తప్పుతుంది.

6. జీపీటీ పట్టిక వేయడం

ఎంబీఆర్ పట్టిక సెక్టార్ నంబర్లను 32 బిట్లలో రాస్తుంది. ఒక్కో సెక్టార్ 512 బైట్లు. ఆ రెండూ గుణిస్తే 2 టీబీ దగ్గర అంకెలు అయిపోతాయి. పక్కనే మిగిలిన 1678 జీబీకి ఇంకో డ్రైవ్ అక్షరం ఇద్దామన్నా ఇవ్వలేం. చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు. పట్టిక మార్చడమే దారి.

ఖాళీ డిస్క్‌కు వరుస ఇది:

1) డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఇనిషియలైజ్ డిస్క్ అని పెట్టె వస్తుంది. అందులో డిస్క్ నంబరు, సైజు చూసి కొత్త డిస్కే అని ధ్రువపరచుకోండి.
2) జీపీటీ ఎంచుకోండి. విండోస్ 7లో ఎంబీఆర్ మీద ముందే చుక్క ఉంటుంది, చూడకుండా ఓకే కొట్టొద్దు.
3) నల్ల గీత ఉన్న అన్‌అలొకేటెడ్ మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్.
4) సైజు అలాగే వదిలేయండి. ఎన్‌టీఎఫ్‌ఎస్, అలొకేషన్ యూనిట్ డిఫాల్ట్.
5) క్విక్ ఫార్మాట్ టిక్ ఉంచండి. టిక్ తీస్తే సాటాలో 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది.

ముందే ఎంబీఆర్ వేసి ఉన్న డిస్క్ అయితే, ఎడమవైపు డిస్క్ 1 అని రాసి ఉన్న బూడిద పెట్టె మీద రైట్ క్లిక్ చేస్తే కన్వర్ట్ టు జీపీటీ కనపడుతుంది. అది మసకగా ఉంటే డిస్క్‌లో ఇంకా పార్టిషన్ ఉందని అర్థం. డేటా వేరే చోటికి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందని చూసి, అప్పుడే పార్టిషన్ డిలీట్ చేయండి.

ఎక్స్‌టర్నల్ డబ్బాతో వచ్చే చిక్కు

ఎక్స్‌టర్నల్ డబ్బాలో ఏడాది పాటు బాగా పనిచేసిన 4 టీబీ డిస్క్‌ను విప్పి సిస్టమ్ లోపల పెడితే "రా" (RAW, విండోస్ పోల్చుకోలేని డిస్క్) అని, లేదా పూర్తిగా ఖాళీ అని వస్తుంది. డేటా పోలేదు. కొన్ని డబ్బాల్లోని చిప్, ఎక్స్‌పీలో కూడా పెద్ద డిస్క్ పనిచేయడం కోసం 512 బైట్ల సెక్టార్లను 4096 బైట్లుగా మార్చి చెబుతుంది. పట్టిక ఆ లెక్కలో రాసి ఉంటుంది. డబ్బా తీసేస్తే లెక్క ఎనిమిదింతలు తప్పి, విండోస్ తప్పు చోట వెతుకుతుంది.

మళ్లీ అదే డబ్బాలో పెట్టండి, ఫైళ్లన్నీ కనపడతాయి. వేరే డిస్క్‌కు కాపీ చేసుకుని, ఆ తర్వాతే లోపల బిగించి జీపీటీ వేయండి. డబ్బా చెడిపోయి డిస్క్ విప్పాల్సి వస్తే, అదే మోడల్ డబ్బా ఇంకొకటి సంపాదించడం మొదటి ప్రయత్నం కావాలి. ఫార్మాట్ నొక్కడం కాదు.

7. ఈ డిస్క్ నుంచే విండోస్ బూట్ అవ్వాలంటే?

వద్దు. జీపీటీ డిస్క్ నుంచి విండోస్ లేవాలంటే యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఉండాలి, పాత బయోస్ వల్ల కాదు. విండోస్‌ను 120 లేదా 240 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఎంబీఆర్‌లో ఉంచి, పెద్ద డిస్క్‌ను జీపీటీలో డేటాకు మాత్రమే వాడండి. పాత సిస్టమ్ వేగం కూడా దీంతోనే కళ్లకు కనపడేంత పెరుగుతుంది.

విండోస్ ఎక్కించేటప్పుడు పెద్ద డిస్క్ కేబుల్ తీసేసి ఉంచండి. లేకపోతే బూట్ ఫైళ్లు వెళ్లి దాని మీద కూర్చునే అవకాశం ఉంది. ఆ తర్వాత డిస్క్ తీస్తే సిస్టమ్ లేవదు.

8. ఐడీఈ బోర్డులు, ఎక్స్‌పీ సిస్టములు

128 జీబీ హద్దు చాలావరకు 2003కు ముందు బోర్డుల్లో కనపడుతుంది. ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 1 నుంచి 48 బిట్ల లెక్క వచ్చింది. కాబట్టి ముందు సర్వీస్ ప్యాక్ 3 ఎక్కించండి. బయోస్ పాతదైనా, విండోస్ పార్టిషన్ మొదటి 128 జీబీ లోపు ఉంటే మిగతాది విండోస్ చదువుకుంటుంది. డిటెక్ట్ చేసేటప్పుడు బయోస్ అక్కడే బిగుసుకుపోతుంటే, ఆ పోర్టును బయోస్‌లో None (ఏదీ లేదు) అని పెట్టి చూడండి. చాలాసార్లు విండోస్ సొంతంగా కనుక్కుంటుంది.

ఐడీఈ కేబుల్ (సాటాకు ముందు వాడిన వెడల్పాటి పట్టీ కేబుల్) 80 తీగలదై ఉండాలి. నీలం కొస బోర్డుకు, చివరి నల్ల కొస మాస్టర్‌కు (మొదటి డిస్క్‌కు), మధ్య బూడిద కొస స్లేవ్‌కు (రెండో డిస్క్‌కు). రెండు డిస్కులూ మాస్టర్ జంపర్‌తో ఉంటే రెండూ కనపడవు.

బోర్డులో సాటా లేకపోతే పీసీఐ సాటా కార్డు వేయండి. కార్డుకు సొంత బయోస్ ఉంటే బూట్ కూడా అవుతుంది. ఎక్స్‌పీ డ్రైవర్ ఉందో లేదో కొనే ముందే అడగండి.

కార్డు కూడా కుదరకపోతే యూఎస్‌బీ డబ్బా. అయితే యూఎస్‌బీ 2.0 సెకనుకు 30 ఎంబీకి అటూ ఇటూగా నడుస్తుంది. 2 టీబీ ఫోటోలు కాపీ చేయడానికి పద్దెనిమిది గంటలు పైనే. చిన్న 2.5 అంగుళాల డిస్క్‌ను క్యాబినెట్ వెనక పోర్టుకే పెట్టండి, ముందు పోర్టుల వైర్లకు కరెంటు సరిగా అందదు. డబ్బా తగిలించి ఉంచితే సిస్టమ్ లోగో దగ్గరే ఆగిపోతోందా? తీసి, విండోస్ లేచాక పెట్టండి.

9. డేటా ఎక్కించే ముందు పరీక్ష

☐ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రాం)లో 05, సీ5, సీ6 వరుసల ఎదురుగా Raw Values అన్న విలువలు సున్నా
☐ సీ7 విలువ రాసుకున్నాను, ఒక పెద్ద కాపీ తర్వాత మళ్లీ చూశాను (పెరిగితే కేబుల్ మార్చాలి, డిస్క్ కాదు)
☐ వేడి 50 డిగ్రీలు దాటడం లేదు (రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో డిస్క్ ముందు ఫ్యాన్ తప్పనిసరి)
☐ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే పరీక్ష ప్రోగ్రాంతో డిస్క్ మొత్తం నింపి, తిరిగి చదివించాను

ఈ చివరిది ఎవరూ చేయరు, అసలైనది అదే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 3726 అని కనపడినంత మాత్రాన 2 టీబీ దాటిన చోట రాసింది నిలుస్తుందని కాదు. లెక్క వెనక్కి తిరిగే లోపమూ, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నకిలీ సైజు డిస్కులూ నిండేదాకా నింపినప్పుడే బయటపడతాయి. సాటాలో 4 టీబీకి రాయడం, చదవడం కలిపి పదిహేను గంటలకు పైనే పడుతుంది. శనివారం షాపు మూసేటప్పుడు మొదలుపెట్టి, స్లీప్ సెట్టింగ్ ఆఫ్ చేసి వెళ్లండి. మధ్యలో కరెంటు పోయినా, రాసిన ఫైళ్లు డిస్క్‌లోనే ఉంటాయి కాబట్టి వెరిఫై మాత్రమే మళ్లీ నడపొచ్చు. తప్పులు లేవని వచ్చాక ఆ పరీక్ష ఫైళ్లు డిలీట్ చేసి, పెళ్లి ఫోటోలు ఎక్కించుకోండి. పాత డిస్క్‌లోని కాపీని మాత్రం కనీసం నెల రోజులు ముట్టుకోకండి.